హువారీ బూమెదియెన్

హువారీ బూమెదియెన్ (ఆగష్టు 23, 1932 - డిసెంబరు 27, 1978) ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియా దేశపు స్వాతంత్ర్య సమరయోధుడు, సైనికాధికారి, ఆ దేశానికి రెండవ అధ్యక్షుడు. 1965 జూన్ నుండి మరణించేవరకు పదమూడున్నర సంవత్సరాలు దేశాన్ని పాలించాడు. ఫ్రెంచి కంపెనీల చేతిలో ఉన్న చమురు, సహజవాయు సంపదను 1971లో జాతీయం చేసి, ఆ ఆదాయంతో ఒక పేద వ్యవసాయ దేశాన్ని ఒక తరం కాలంలోనే పారిశ్రామిక దేశంగా మార్చాలని ప్రయత్నించాడు. కొత్తగా చమురు లభించిన వర్ధమాన దేశం ఆ డబ్బును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అర్థశాస్త్రజ్ఞులు ఈయన కాలపు అల్జీరియాను ఉదాహరణగా తీసుకుంటారు. కొందరు మెచ్చుకోవడానికి, కొందరు హెచ్చరించడానికి.

బాల్యము, విద్యాభ్యాసము

ఈయన అసలు పేరు మొహమ్మద్ బెన్ బ్రాహిం బూఖరూబా. ఈశాన్య అల్జీరియాలోని గెల్మా పట్టణ సమీపంలో ఒక పేద రైతు కుటుంబంలో జన్మించాడు. (జన్మ సంవత్సరం విషయంలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. 1932 అన్నది అధికారికంగా చెప్పే తేదీ.) అప్పటికి ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించి నూరేళ్ళు దాటింది. సారవంతమైన భూములు ఐరోపా నుండి వచ్చి స్థిరపడిన వారి చేతిలో ఉండేవి. స్థానిక రైతులు కొండవాలులలోను, వానలు అంతంతమాత్రమైన మెట్టభూములలోను బతికేవారు.

బాలుడు ఖురాను పాఠశాలలోను, గెల్మాలోని ఫ్రెంచి పాఠశాలలోను చదివాడు. 1945 మే 8న, రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాలో ముగిసిన రోజుననే, సెతీఫ్, గెల్మా ప్రాంతాలలో స్వాతంత్ర్యం కోరుతూ ఊరేగింపులు జరిగాయి. వాటిని అణచివేయడంలో వేలాది మంది అల్జీరియన్లు మరణించారు. ఈ ఘటన ఆ తరం యువకులందరి మనస్సుల్లోను బలంగా నాటుకున్నది. గెల్మా పరిసరాల్లో పెరిగిన ఈ బాలుని విషయంలో అది వేరుగా చెప్పనక్కరలేదు.

పిమ్మట కాన్‌స్టంటీన్ నగరంలోని మదరసాలో చేరాడు. ఫ్రెంచి సైన్యంలో నిర్బంధ సేవ తప్పించుకోవడానికి దేశం విడిచి, ట్యునీసియా మీదుగా ఈజిప్టు చేరుకున్నాడు. కైరోలోని అల్-అజహర్‌లో చదివాడు. స్వాతంత్ర్య పోరాటపు నాయకులలో చాలామంది ఫ్రెంచి విద్యాలయాల్లో చదివినవారు కాగా, ఈయన చదువు ప్రధానంగా అరబ్బీలో సాగింది. తరువాతి కాలంలో పాలనలోను, విద్యలోను అరబ్బీ భాషకు ఈయన ఇచ్చిన ప్రాధాన్యానికి మూలం ఇక్కడే ఉన్నది.

స్వాతంత్ర్య పోరాటంలో

1954 నవంబరు 1న జాతీయ విమోచన సంఘటన (ఎఫ్.ఎల్.ఎన్.) సాయుధ పోరాటం ప్రారంభించింది. కైరోలో సైనిక శిక్షణ పొందిన ఈ యువకుడు 1955లో ఆయుధాలతో కూడిన ఒక నౌకలో మొరాకో తీరానికి చేరి, అక్కడి నుండి పశ్చిమ అల్జీరియాలోని దళాలలో కలిశాడు. హువారీ బూమెదియెన్ అన్నది అప్పుడు పెట్టుకున్న మారుపేరు. ఒరాన్ నగర ప్రజలు కొలిచే సిద్ది ఎల్ హువారీ, త్లెమ్సెన్‌లో సమాధి ఉన్న సూఫీ గురువు సిద్ది బూమెదియెన్, ఈ ఇద్దరి పేర్లు కలిపితే ఏర్పడిన పేరు ఇది. తూర్పు ప్రాంతంవాడు పశ్చిమ ప్రాంతపు పుణ్యపురుషుల పేర్లు ధరించాడన్నమాట.

1957లో ఒరాన్ ప్రాంతమైన ఐదవ విలాయాకు అధిపతి అయ్యాడు. అప్పటికి పాతికేళ్ళవాడు. 1960లో విమోచన సైన్యపు ప్రధాన కార్యాలయానికి అధిపతిగా నియమితుడై, ట్యునీసియా సరిహద్దులోని ఘర్దిమావులో మకాం పెట్టాడు. దేశం లోపల పోరాడుతున్న దళాలు ఫ్రెంచి సైన్యం దెబ్బలకు చితికిపోతుండగా, సరిహద్దుల వెలుపల ఈయన క్రమశిక్షణ గల ఒక సైన్యాన్ని తయారుచేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అధికారం ఎవరిదో నిర్ణయించినది ఈ సైన్యమే.

అధికారంలోకి రాక

1962 మార్చిలో ఎవియాన్ ఒప్పందం కుదిరి, జూలై 5న అల్జీరియా స్వతంత్ర దేశమైంది. సుమారు 10 లక్షల మంది ఐరోపా సంతతివారిలో అత్యధికులు కొద్ది నెలల్లోనే వెళ్ళిపోయారు. వారితోపాటు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు, రైలు డ్రైవర్లు, గుమాస్తాలు కూడా పోయారు. నాయకుల మధ్య తలెత్తిన తగాదాలో బూమెదియెన్ తన సైన్యంతో అహ్మద్ బెన్ బెల్లాను బలపరచాడు. బెన్ బెల్లా ప్రభుత్వంలో రక్షణ మంత్రి అయ్యాడు.

ఈ స్నేహం మూడేళ్ళే నిలిచింది. 1965 జూన్ 19 తెల్లవారుజామున సైన్యం బెన్ బెల్లాను నిర్బంధించి, బూమెదియెన్ అధ్యక్షతన విప్లవ మండలిని ఏర్పరచింది. ఆ రోజుల్లో అల్జీర్స్ వీధులలో స్వాతంత్ర్య యుద్ధం గురించిన ఒక సినిమా చిత్రీకరణ జరుగుతుండడం వలన, టాంకులను చూసిన నగరవాసులు అవి సినిమా కోసమే వచ్చాయనుకున్నారని చెబుతారు. బెన్ బెల్లా 14 సంవత్సరాలు, అంటే బూమెదియెన్ మరణించిన తరువాత కూడా కొంతకాలం, నిర్బంధంలోనే ఉండిపోయాడు.

ఈయన సన్నగా, పొడవుగా ఉండేవాడు. మితభాషి. ప్రజల ముందుకు వచ్చేటప్పుడు తరచు నల్లని బుర్నూసు (ఉత్తర ఆఫ్రికా వారు ధరించే తలకప్పుగల ఉన్ని అంగీ) ధరించేవాడు. మొదట్లో అల్జీరియన్లకే ఈయన అంతగా పరిచయం లేదు. 1967 డిసెంబరులో సైన్యాధిపతి తాహర్ జ్బీరీ తిరుగుబాటు చేసి విఫలుడయ్యాడు. 1968 ఏప్రిల్‌లో జరిగిన హత్యాయత్నంలో బూమెదియెన్ గాయాలతో బయటపడ్డాడు. ఆ తరువాత ఈయన అధికారాన్ని ఎదిరించగలవారు దేశంలో మిగలలేదు.

చమురు నేపథ్యము

సహారా ఎడారిలో చమురు బయటపడినది 1956లో, అంటే యుద్ధం మధ్యలో. ఆ ఏడాది ఎడ్జెలె, హాసీ మెసౌద్‌లలో చమురు, హాసీ ర్మెల్‌లో భారీ సహజవాయు నిక్షేపం కనుగొన్నారు. హాసీ మెసౌద్ చమురు తేలికైనది, గంధకం తక్కువ కలది. పైగా ఐరోపాకు మధ్యధరా సముద్రమే అడ్డు. ఈ సంపద కారణంగానే ఫ్రాన్సు సహారాను అల్జీరియా నుండి విడదీయాలని చర్చలలో చాలాకాలం పట్టుబట్టింది. చివరికి సహారా అల్జీరియాకే దక్కింది కాని, ఎవియాన్ ఒప్పందంలో ఫ్రెంచి కంపెనీల హక్కులు భద్రంగా మిగిలాయి. జెండా మారింది, బావులు మారలేదు.

1963 డిసెంబరు 31న సోనాట్రాక్ అనే జాతీయ సంస్థ ఏర్పడింది. మొదట దీని పని చమురు తీయడం కాదు, తీసిన చమురును తీరానికి చేర్చే గొట్టపుమార్గం వేయడం మాత్రమే. 1965 జూలైలో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందం వలన అన్వేషణలోను, ఉత్పత్తిలోను ఈ సంస్థకు భాగస్వామ్యం లభించింది. 1967లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం జరిగినప్పుడు అమెరికా కంపెనీల చమురు విక్రయశాలలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1969లో అల్జీరియా చమురు ఎగుమతి దేశాల సంస్థ (ఒపెక్)లో చేరింది.

ఇక్కడ ఇద్దరు వ్యక్తులను గురించి చెప్పాలి. 1965 నుండి 1977 వరకు పరిశ్రమలు, ఇంధన శాఖలను నిర్వహించిన మంత్రి బెలాయిద్ అబ్దెస్సలాం ఒకరు. 1966 నుండి 1977 వరకు సోనాట్రాక్ అధిపతిగా ఉన్న సిద్ అహ్మద్ ఘోజాలీ మరొకరు. బూమెదియెన్ వీరికి దాదాపు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు. బూమెర్దెస్ పట్టణంలో 1960లలోనే చమురు సాంకేతిక విద్యాసంస్థ నెలకొల్పి ఇంజనీర్లను, సాంకేతిక నిపుణులను తయారుచేయసాగారు. బావులను స్వాధీనం చేసుకున్న మరునాడు వాటిని నడిపేది ఎవరన్న ప్రశ్నకు జవాబును ముందే సిద్ధం చేసుకోవడం ఈ పాలనలోని తెలివైన పనులలో ఒకటి.

1971 ఫిబ్రవరి 24

ఫ్రెంచి కంపెనీలు చెల్లించే పన్నులు లెక్కకట్టడానికి ఒక నిర్ణీత ధర ఉండేది. అది పీపా ఒక్కింటికి 2.08 డాలర్లు. (పీపా అంటే సుమారు 159 లీటర్లు.) ఈ ధర పెంచాలని అల్జీరియా కోరగా చర్చలు నెలల తరబడి సాగి ఫలితం లేకపోయింది. 1970 జూలైలో అల్జీరియా తనంతట తానే దానిని 2.85 డాలర్లకు పెంచింది. ఫ్రాన్సు ఒప్పుకోలేదు.

1971 ఫిబ్రవరి 24న అల్జీర్స్‌లో కార్మిక సంఘం సభలో మాట్లాడుతూ బూమెదియెన్ తన నిర్ణయాన్ని ప్రకటించాడు. ఫ్రెంచి చమురు కంపెనీలలో 51 శాతం వాటాను, సహజవాయు నిక్షేపాలను, గొట్టపుమార్గాలను పూర్తిగాను ప్రభుత్వం తీసుకున్నది. అంతకుముందు దేశపు చమురు ఉత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు ఫ్రెంచి కంపెనీలదే. నష్టపరిహారం ఇస్తామన్నారు కాని, దానిని పన్నుల బకాయిల కింద చాలావరకు చెల్లుబెట్టారు.

ఫ్రెంచి కంపెనీలు తమ నిపుణులను వెనక్కు పిలిపించాయి. అల్జీరియా చమురును ఇతరులెవరూ కొనకుండా చేయాలని ప్రయత్నించాయి. 1951లో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ బ్రిటిషు చమురు కంపెనీని జాతీయం చేసినప్పుడు ఇటువంటి బహిష్కరణే ఆ దేశాన్ని కుంగదీసింది. 1953లో ఆయన పదవి కోల్పోయాడు. అల్జీరియాలో అలా జరగలేదు. బావులు ఆగలేదు. కొన్ని నెలల తరువాత, అదే సంవత్సరంలో, ఫ్రెంచి కంపెనీలు కొత్త షరతులకు అంగీకరించాయి.

ఈ తగాదాలో ద్రాక్షతోటలు కూడా చిక్కుకున్నాయి. వలస పాలనలో వేసిన ఆ తోటల సారాయిని కొనేది ప్రధానంగా ఫ్రాన్సే. అల్జీరియన్లలో అధిక సంఖ్యాకులు ముస్లిములు గనుక దేశంలో దానికి గిరాకీ లేదు. ఫ్రాన్సు కొనుగోళ్ళు తగ్గించడంతో ప్రభుత్వం పెద్ద విస్తీర్ణంలో ద్రాక్షతీగలను పెరికించి ధాన్యం వేయించింది. ఒకే వస్తువు, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో సారాయి విషయంలో అల్జీరియాకు అలా తెలిసివచ్చింది. అయితే కొద్ది సంవత్సరాలలోనే దేశపు ఎగుమతులలో తొంభై శాతానికి పైగా చమురు, సహజవాయువులే అయ్యాయి.

చమురు ఆదాయ వినియోగము

1973 అక్టోబరు నుండి 1974 జనవరి మధ్య ప్రపంచ విపణిలో ముడిచమురు ధర పీపాకు సుమారు 3 డాలర్ల నుండి 11 డాలర్లు దాటింది. అల్జీరియా ఖజానా ఒక్కసారిగా నిండింది. ఇటువంటి సందర్భంలో ప్రభుత్వాల ముందు కొన్ని మార్గాలు ఉంటాయి. జీతాలు పెంచి, సరుకులు దిగుమతి చేసి ప్రజలను సంతోషపెట్టవచ్చు. విదేశీ బ్యాంకులలో దాచవచ్చు. యంత్రాలు కొనవచ్చు. బూమెదియెన్ మూడవ మార్గాన్ని ఎంచుకున్నాడు, అదీ మితం లేకుండా. 1970ల మధ్యకాలంలో జాతీయాదాయంలో సుమారు 40 శాతం పెట్టుబడికే పోయింది. ప్రపంచంలో అంత ఎక్కువ శాతం పెట్టుబడి పెట్టిన దేశాలు బహు తక్కువ.

దీని వెనుక ఉన్న సిద్ధాంతం ఫ్రెంచి అర్థశాస్త్రజ్ఞుడు జెరార్ డెస్తాన్ ద బెర్నిస్ ప్రతిపాదించినది. ఉక్కు, రసాయనాలు, యంత్రాలు తయారుచేసే మూల పరిశ్రమలను ముందు స్థాపిస్తే, అవి మిగతా పరిశ్రమలను పుట్టిస్తాయని దీని సారాంశం. మన దేశంలో రెండవ పంచవర్ష ప్రణాళికలో మహలనోబిస్ అనుసరించిన ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. భారతదేశం పొదుపు చేసిన, అప్పు తెచ్చిన డబ్బుతో చేసినదానిని అల్జీరియా చమురు డబ్బుతో చేయదలచింది.

1967-69 త్రివర్ష ప్రణాళికతో మొదలై, 1970-73, 1974-77 చతుర్వర్ష ప్రణాళికలతో ఈ కార్యక్రమం సాగింది. అన్నాబా సమీపంలోని ఎల్ హజార్‌లో ఉక్కు కర్మాగారం, రూయిబాలో లారీల కర్మాగారం, అర్జూ, స్కిక్దా రేవులలో చమురుశుద్ధి కేంద్రాలు, సహజవాయువును ద్రవంగా మార్చే కర్మాగారాలు వెలిశాయి. సహజవాయువును సున్నాకు దిగువన 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరిస్తే ద్రవమై, ఘనపరిమాణం సుమారు 600వ వంతుకు తగ్గిపోతుంది. అప్పుడు ఓడలలో పంపవచ్చు. ఈ విద్యలో అల్జీరియా ప్రపంచానికి మార్గదర్శి. 1964లోనే అర్జూ నుండి బ్రిటన్‌కు ద్రవవాయువు ఓడ వెళ్ళింది. మధ్యధరా సముద్రం అడుగున ఇటలీకి గొట్టపుమార్గం వేయడానికి 1977లో ఒప్పందం జరిగింది. అది బూమెదియెన్ మరణానంతరం పూర్తయింది.

విద్యకు బడ్జెట్టులో పెద్దవాటా కేటాయించారు. స్వాతంత్ర్యం నాటికి జనాభాలో అత్యధికులు నిరక్షరాస్యులు కాగా, 1970ల చివరికి బడి ఈడు పిల్లల్లో చాలామంది బడికి వెళ్తున్నారు. 1974 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం ఉచితం చేశారు. సైనిక సేవలో ఉన్న యువకుల చేత ఎడారి ఉత్తరపు అంచున చెట్లు నాటించి పచ్చని ఆనకట్ట అనే వనశ్రేణిని పెంచడం, సహారా మీదుగా దక్షిణానికి రహదారి వేయించడం ఈ కాలపు పనులే.

అయితే లోపాలు కూడా పెద్దవే. కర్మాగారాలను విదేశీ సంస్థలు కట్టి తాళంచెవులు అప్పగించేవి. అందులో పనిచేసేవారు ఆ తరువాత నేర్చుకోవలసివచ్చేది. చాలా కర్మాగారాలు తమ సామర్థ్యం కంటే బాగా తక్కువగా ఉత్పత్తి చేశాయి. పెద్ద యంత్రాలు ఎక్కువ మందికి పని కల్పించలేదు. జనాభా మాత్రం వేగంగా పెరిగింది. చమురు ఆదాయం చాలక విదేశీ బ్యాంకుల నుండి భారీగా అప్పులు తెచ్చారు. అమ్మబోయే వాయువును చూపించి తెచ్చిన అప్పులు ఇవి. నగరాలకు జనం వచ్చిపడగా, ఇళ్ళ నిర్మాణం, మంచినీటి సరఫరా వెనుకబడిపోయాయి. ఉక్కు ఉన్నది కాని అద్దెకు గది దొరకని పరిస్థితి. నిత్యావసర వస్తువుల కోసం వరుసలు సామాన్యమయ్యాయి. 1977లో బూమెదియెన్ అబ్దెస్సలాం శాఖను మూడుగా విభజించి, ఆయనను తేలికపాటి పరిశ్రమల శాఖకు మార్చాడు. దారి సరిచూసుకోవలసిన అవసరాన్ని ఈయనే గుర్తించాడనడానికి ఇది నిదర్శనం.

వ్యవసాయ విప్లవము

1971 నవంబరులో వ్యవసాయ విప్లవం పేరుతో భూసంస్కరణల చట్టం వచ్చింది. పెద్ద భూస్వాముల, ఊరిలో నివసించని యజమానుల భూములు తీసుకొని భూమిలేని వారికి పంచి, వారిని సహకార సంఘాలలో చేర్చారు. వెయ్యి సోషలిస్టు గ్రామాలు కట్టాలన్నది లక్ష్యం. విశ్వవిద్యాలయ విద్యార్థులు సెలవులలో పల్లెలకు వెళ్ళి ప్రచారం చేశారు. రైతు కుటుంబంలో పుట్టిన ఈ అధ్యక్షునికి ఇది అభిమాన కార్యక్రమం.

ఫలితం ఆశించినట్లు రాలేదు. పంట ఎంతకు అమ్మాలో, ఎవరికి అమ్మాలో అధికారులు నిర్ణయించేవారు. ధరలు తక్కువ. పట్నంలో కర్మాగారపు జీతం చూసిన యువకుడు పొలంలో నిలవలేదు. ఒకప్పుడు ధాన్యం ఎగుమతి చేసిన దేశం తన తిండిలో నానాటికీ ఎక్కువ భాగాన్ని చమురు డాలర్లతో కొనుక్కోవలసివచ్చింది. చమురు ఆదాయం వచ్చిన పలు దేశాలలో వ్యవసాయానికి పట్టిన గతే ఇది.

అంతర్జాతీయ రంగంలో

1973 సెప్టెంబరులో అలీన దేశాల నాలుగవ శిఖరాగ్ర సమావేశం అల్జీర్స్‌లో జరిగింది. భారత ప్రధాని ఇందిరా గాంధీ దీనికి హాజరయ్యారు. ఆ నెలలోనే, ఫ్రాన్సులో అల్జీరియన్ కార్మికులపై దాడులు జరుగుతున్నందున ఆ దేశానికి కొత్త వలసలను ఈయన నిలిపివేశాడు.

అలీనోద్యమ అధ్యక్షుని హోదాలో కోరి, 1974 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ప్రత్యేక సమావేశాన్ని ఏర్పాటు చేయించాడు. ముడిపదార్థాలన్నీ వాటిని ఉత్పత్తి చేసే దేశాల అధీనంలో ఉండాలని, వాటి ధరలు ధనిక దేశాలు నిర్ణయించరాదని అక్కడ వాదించాడు. 1974 మే 1న సభ నూతన అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ స్థాపన ప్రకటనను ఆమోదించింది. చమురు ధర పెరుగుదల ధనిక దేశాలనే కాక, చమురు లేని భారతదేశం వంటి వర్ధమాన దేశాలను కూడా తీవ్రంగా దెబ్బతీసింది. ఈ వైరుధ్యం ఈయన వాదనలోని బలహీనమైన భాగం. 1975 మార్చిలో ఒపెక్ దేశాధినేతల మొదటి సమావేశాన్ని అల్జీర్స్‌లో జరిపాడు. ఆ సందర్భంలోనే ఇరాన్ షా, ఇరాక్ నాయకుడు సద్దాం హుస్సేన్‌ల మధ్య సరిహద్దు ఒప్పందం కుదిర్చాడు.

పొరుగున ఉన్న మొరాకోతో మాత్రం వైరం ముదిరింది. పశ్చిమ సహారా విషయంలో ఈయన పోలిసారియోను బలపరచాడు. 1975 చివరలో అల్జీరియాలో స్థిరపడిన వేలాది మొరాకో కుటుంబాలను దేశం నుండి వెళ్ళగొట్టడం ఈయన పాలనకు మచ్చ.

పాలన, విమర్శలు

పదకొండు సంవత్సరాలు దేశంలో రాజ్యాంగం గాని, ఎన్నికైన శాసనసభ గాని లేకుండా విప్లవ మండలి పేరుతో పాలించాడు. 1976లో జాతీయ పత్రం, రాజ్యాంగం ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొందాయి. అదే డిసెంబరులో ఏకైక అభ్యర్థిగా 99 శాతం పైగా ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఒకే పార్టీ, అదుపులో ఉన్న పత్రికలు, ఎక్కడ చూసినా సైనిక భద్రతా విభాగపు కన్ను. స్వాతంత్ర్య యుద్ధ వీరులైన మొహమ్మద్ ఖీదర్ 1967లో మాడ్రిడ్‌లోను, క్రిం బెల్కాసెం 1970లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోను హత్యకు గురయ్యారు. వీటి వెనుక అల్జీరియా ప్రభుత్వం ఉన్నదని ప్రతిపక్షులు ఆరోపించారు. బెర్బెర్ భాషకు గుర్తింపు నిరాకరించడం కూడా విమర్శకు గురైంది.

చమురు డబ్బు ఎంత వచ్చింది, ఎవరికి ఏ కాంట్రాక్టు ఇచ్చారు అన్నది బహిరంగంగా ప్రశ్నించే వేదిక దేశంలో లేదు. బూమెదియెన్ వ్యక్తిగతంగా నిరాడంబరుడని, ఆస్తులు కూడబెట్టలేదని విరోధులు కూడా ఒప్పుకుంటారు. కాని ఆయన నిజాయితీ ఆయనతోనే పోయేది. లెక్క అడిగే సంస్థలైతే మిగిలివుండేవి.

మరణము

1978 శరత్కాలంలో ఈయన ప్రజలకు కనబడడం మానేశాడు. చికిత్సకు మాస్కో వెళ్ళి నవంబరులో తిరిగివచ్చాడు. వాల్డెన్‌స్ట్రామ్ వ్యాధి అనే అరుదైన రక్తవ్యాధి సోకిందని తేలింది. అనేక దేశాల వైద్యులు వచ్చారు. కొన్ని వారాలు స్పృహ లేకుండా ఉండి, 1978 డిసెంబరు 27న అల్జీర్స్‌లో మరణించాడు. ఎల్ ఆలియా శ్మశానంలో జరిగిన అంత్యక్రియలకు అపారమైన జనం వచ్చారు. విదేశాంగ మంత్రి అబ్దెలజీజ్ బూతెఫ్లికా నివాళి ప్రసంగం చేశాడు. (ఈయనే 1999 నుండి 2019 వరకు దేశాధ్యక్షుడు.)

తదనంతరము

1979 ఫిబ్రవరిలో కల్నల్ షాద్లీ బెన్‌జెదీద్ అధ్యక్షుడయ్యాడు. పెట్టుబడులు తగ్గించి, పెద్ద జాతీయ సంస్థలను చిన్నవిగా విభజించి, దుకాణాల్లో దిగుమతి సరుకులు నింపాడు. 1986లో చమురు ధర పడిపోగానే అప్పుల వడ్డీలు మెడకు చుట్టుకున్నాయి. 1988 అక్టోబరులో యువకులు వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్పులలో వందలాది మంది మరణించారు. తప్పు బూమెదియెన్ వేసిన పునాదిలో ఉన్నదా, దానిని మధ్యలో వదిలివేయడంలో ఉన్నదా అన్న చర్చ అల్జీరియాలో తెగలేదు.

అల్జీర్స్ అంతర్జాతీయ విమానాశ్రయానికి, అక్కడి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఈయన పేరు పెట్టారు. ఫిబ్రవరి 24ను అల్జీరియాలో ఏటా చమురు జాతీయీకరణ దినంగా జరుపుకుంటారు.